‘కాదు’ అనగలిగే సాక్ష్యం

డీఎన్ఏ పరీక్ష మొట్టమొదట ఒక హత్య కేసులో అడుగుపెట్టినప్పుడు చేసిన పని, నేరం ఒప్పుకున్న ఒక పదిహేడేళ్ళ కుర్రవాణ్ణి విడిపించడం. ఇంగ్లండులో లెస్టర్ నగరానికి దగ్గర్లో ఉన్న రెండు పల్లెల్లో 1983లో ఒకరు, 1986లో ఒకరు, పదిహేనేళ్ళ ఆడపిల్లలిద్దరు అత్యాచారానికి, హత్యకు గురయ్యారు. రెండో హత్య తనే చేశానని ఆ కుర్రవాడు పోలీసుల ముందు ఒప్పుకున్నాడు. మొదటిదాంతో మాత్రం తనకి సంబంధం లేదన్నాడు. రెండూ చేసింది ఒక్కడేనని పోలీసుల నమ్మకం. మొదటిది కూడా ఇతని మీద రుజువైతే పని పూర్తవుతుందని లెస్టర్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ దగ్గరికి వెళ్ళారు. 1984లో ఆయన కనిపెట్టిన పద్ధతిని అప్పటిదాకా వలస కేసుల్లో, ఎవరి బిడ్డ ఎవరన్న తగాదాల్లో వాడారు గానీ హత్య కేసులో ఎవరూ వాడలేదు. ఫలితం వచ్చింది. ఇద్దరు పిల్లల మీదా దొరికిన వీర్యం ఒక్కడిదే. ఆ ఒక్కడు ఈ కుర్రవాడు కాదు.

ఆ పోలీసుల స్థానంలో నిలబడి చూడండి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ భయంతో ఉన్నాయి. చేతిలో ఒప్పుకోలు ఉంది, లోపల ముద్దాయి ఉన్నాడు. అలాంటప్పుడు ఎవరూ పేరు వినని పరీక్ష ఒకటి ‘వీడు కాదు’ అంటే, దాన్ని పక్కన పడెయ్యడానికి కారణాలు వెతుక్కోవడం ఎంత తేలిక! వాళ్ళు ఆ పని చెయ్యలేదు. కుర్రవాణ్ణి వదిలేసి మళ్ళీ మొదటికి వచ్చారు. ఆ ప్రాంతంలో ఐదువేల మందికి పైగా మగవాళ్ళ దగ్గర నమూనాలు తీసుకున్నారు. ఎవరిదీ కలవలేదు. తన బదులు ఫలానా అతను నన్ను రక్తం ఇచ్చి రమ్మన్నాడని ఒకతను పబ్బులో నోరు జారాడు. విన్నవాళ్ళలో ఒకామె పోలీసులకి చెప్పింది. అలా 1987 సెప్టెంబరులో కోలిన్ పిచ్‌ఫోర్క్ దొరికాడు, అప్పుడు అతని డీఎన్ఏ కలిసింది, 1988 జనవరిలో యావజ్జీవం పడింది.

నేర పరిశోధనలోకి కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ అందరూ అడిగేది ఒకటే, ఇది హంతకుణ్ణి పట్టిస్తుందా అని. నేను ముందు అడగాలనుకునేది వేరే. ఇది దర్యాప్తు అధికారితో ‘మీరు పొరబడ్డారు’ అని చెప్పగలదా? చెబితే ఆ మాట చెవిన పెట్టాల్సిన బాధ్యత ఎవరి మీదైనా ఉందా? చెప్పిన సంగతి ముద్దాయి తరఫు లాయరుకి తెలుస్తుందా? ఈ మూడింటికీ జవాబు అవును అయితేనే దాన్ని శాస్త్రీయమైన సాక్ష్యం అని పిలవాలని నా వాదన. ఏ పరీక్ష ఎప్పుడు చేసినా ‘అవును’ తప్ప ఇంకో మాట రాదో, అది పోలీసుల అనుమానానికి ల్యాబు లెటర్‌హెడ్ మీద కొట్టిన ముద్ర మాత్రమే.

నేను పనిచేసేది నీటి పరీక్షల ల్యాబులో. నేరాలతో మాకు సంబంధం లేదు. కానీ హత్య కేసుల తీర్పులు చదవడం నాకు ఎన్నో ఏళ్ళుగా ఉన్న అలవాటు, వాటిని ల్యాబు మనిషిగానే చదువుతాను. మా దగ్గర శాంపిల్ ముట్టుకునే ముందు బ్లాంక్ పెడతాం. పరీక్షించాల్సిన నీటి బదులు డిస్టిల్డ్ వాటర్ తీసుకుని, అదే ఆసిడ్, అదే గాజుసామాను, అంతే సమయం పెట్టి, మొత్తం పరీక్ష మొదటినుంచి చివరిదాకా నడుపుతాం. ఏమీ రాకూడదు. సీసమో ఇనుమో కనిపించిందంటే అది ఎవరి బావిలోదీ కాదు. మా సీసాలోది, మా ఆసిడ్‌లోది, లేదా మా చేతిది. బ్లాంక్ సరిగా రానిరోజు ఎన్ని శాంపిళ్ళు చేసినా ఆ అంకెల్ని రిజిస్టర్‌లో ఎక్కించం. కొత్తగా చేరినవాళ్ళకి ఇది చాదస్తంలా కనిపిస్తుంది, అందుకే నేర్పేటప్పుడు దీంతోనే మొదలుపెడతాం.

విషప్రయోగాన్ని కోర్టులో గట్టిగా రుజువు చేసిన మొదటి పరీక్ష కథ కూడా ఈ బ్లాంక్ చుట్టూనే తిరిగింది. 1830ల మొదట్లో ఇంగ్లండులో జాన్ బోడిల్ అనే యువకుడు తాతకి కాఫీలో ఆర్సెనిక్ కలిపి పెట్టాడని కేసు నడిచింది. రసాయన శాస్త్రవేత్త జేమ్స్ మార్ష్ ఆ విషాన్ని పసుపుపచ్చ మడ్డిగా దింపి చూపించాడు. విచారణ నాటికి ఆ మడ్డి చెడిపోయింది. జ్యూరీ నమ్మలేదు, బోడిల్ బయటపడ్డాడు. తర్వాత చంపింది తనేనని చెప్పుకున్నాడు కూడా. మార్ష్ ఊరుకోలేక ఇంకో పద్ధతి తయారుచేసి 1836లో ప్రచురించాడు. అనుమానం ఉన్న పదార్థాన్ని జింకుతో, ఆసిడ్‌తో కలిపితే అందులోని ఆర్సెనిక్ వాయువుగా మారి బయటికొస్తుంది. ఆ వాయువుని వెలిగించి మంటకి చల్లటి పింగాణీ ముక్క అడ్డం పెడితే అద్దంలా మెరిసే నల్లటి మరక పడుతుంది. రవ్వంత విషమున్నా దొరుకుతుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. అంత సున్నితమైన పరీక్ష కాబట్టి జింకులో సహజంగా కలిసుండే ఆర్సెనిక్ కూడా దొరుకుతుంది. 1840లో ఫ్రాన్సులోని తూల్ పట్టణంలో, భర్తకి విషం పెట్టిందని మరీ లఫార్జ్ అనే ఆమె మీద విచారణ జరిగింది. స్థానిక రసాయనికులు ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి చెప్పారు. చివరికి పారిస్ నుంచి విషాల నిపుణుడు మతియో ఓర్ఫిలా వచ్చి శరీరంలో ఆర్సెనిక్ ఉందని తేల్చాడు. ఆ సాక్ష్యంలో నాకు నచ్చేది ఆయన అంతటితో ఆగకపోవడం. ఈ ఆర్సెనిక్ మేము వాడిన రసాయనాల్లోది కాదు, శవపేటిక చుట్టూ ఉన్న మట్టిలోది కాదు, మనిషి ఒంట్లో మామూలుగా ఉండేది కాదు అని ఒక్కొక్క దారీ మూసుకుంటూ వచ్చాడు. తన ఫలితాన్ని పడగొట్టగలిగే ప్రశ్నల్ని తనే వేసుకున్నాడు. ఆ ప్రశ్నలకి ఆయన ఇచ్చిన జవాబులు సరైనవేనా అన్న వివాదం చాలాకాలం నడిచింది. ముద్దాయి తరఫున రావాల్సిన రసాయన శాస్త్రవేత్త రస్పాయ్ వచ్చి చేరేసరికి తీర్పు వెలువడిపోయింది. ఆమెకి యావజ్జీవం. ఓర్ఫిలా చెప్పినదాన్ని దీటుగా నిలదీసే మనిషి ఆ కోర్టు హాల్లో లేకుండానే కేసు ముగిసింది. రెండో వైపు నిపుణుడు ఆలస్యంగా రావడం, అసలు రాకపోవడం, వచ్చినా ఫీజు కట్టేవాళ్ళు లేకపోవడం ఇప్పటికీ మారలేదు.

ఇక వేలిముద్రలు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో మొదలైంది. ముద్రల్ని వర్గాలుగా విడదీసే పద్ధతి వెనక లెక్కలు కట్టినవాళ్ళు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఆ రోజుల్లోనే జల్పాయిగురి జిల్లాలో ఒక టీ తోట మేనేజరుని గొంతుకోసి చంపారు, పెట్టెలో డబ్బు పోయింది. ఆయన కాగితాల మధ్య లేత నీలం అట్టతో ఒక బెంగాలీ పంచాంగం ఉంది. అట్ట మీద గోధుమరంగు మరకలు. వాటిలో ఒకటి వేలిముద్ర అని గుర్తుపట్టారు. అంతకుముందు దొంగతనంలో శిక్షపడ్డ పాత నౌకరు కంగాలీ చరణ్ ముద్రతో అది సరిపోయింది. మరక రక్తానిదేనని రసాయన పరీక్ష చెప్పింది.

కోర్టు అతన్ని దొంగతనానికి శిక్షించింది. హత్యకి శిక్షించలేదు. చంపుతుండగా చూసినవాళ్ళెవరూ లేరు కాబట్టి ఆ నేరం మోపడం క్షేమం కాదన్నారు అసెసర్లు, అంటే జడ్జి పక్కన కూర్చుని అభిప్రాయం చెప్పేవాళ్ళు.

ఇది చదివినప్పుడల్లా నాకు ఆ అసెసర్ల మీద గౌరవం పెరుగుతుంది. రక్తం తడి ఆరకముందే పెట్టె తెరిచినవాడు హంతకుడు కాక ఇంకెవరవుతాడని అడగవచ్చు. సరైన ప్రశ్నే. కానీ దానికి జవాబు ముద్రలో లేదు, మన ఊహలో ఉంది. ముద్ర చెప్పింది ఈ వేలు ఈ అట్టని రక్తంతో తాకిందని. అక్కణ్ణించి కత్తి దాకా ఉన్న దూరాన్ని ఇంకో సాక్ష్యంతో నింపాలి. సరికొత్త పరికరం, అది కూడా తొలిసారి కోర్టు మెట్లెక్కినప్పుడు, దాని మెరుపుకి లొంగిపోకుండా అది ఎంత చెప్పిందో అంతే తీసుకోవడం చిన్న విషయం కాదు.

ఇదే విచక్షణ దాదాపు యాభై ఏళ్ళ తర్వాత పులుకూరి కోటయ్య కేసులో చట్టంగా స్థిరపడింది. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై మద్రాసు హైకోర్టు మీదుగా లండన్‌లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళిన ఈ కేసు పేరు, క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేసే లాయర్లకి కంఠతా వచ్చు. పోలీసు కస్టడీలో ఉన్న ముద్దాయి ‘ఈ బరిసెతో పొడిచాను, ఫలానా చోట దాచాను, చూపిస్తాను’ అన్నాడనుకోండి. వెళ్తే బరిసె దొరికింది. అప్పుడు రుజువైనదేమిటి? బరిసె అక్కడ ఉందని, ఉన్నట్టు అతనికి తెలుసని. ‘పొడిచాను’ అన్న ముక్క సాక్ష్యంగా పనికిరాదని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. వస్తువు దొరకడం వేరు, దానితో జరిగిన పని వేరు.

బరిసె స్థానంలో సెల్‌ఫోను పెట్టి చూడండి. ‘టవర్ లొకేషన్ ప్రకారం ముద్దాయి హత్యాస్థలంలోనే ఉన్నాడు’ అని చార్జిషీట్లలో, వార్తల్లో ఎంత ధీమాగా రాస్తారో! టవర్ రికార్డు చెప్పేది, ఆ సిమ్ ఉన్న ఫోను ఆ సమయంలో ఆ టవర్‌తో మాట్లాడిందని. ఫోను ఎప్పుడూ అన్నిటికంటే దగ్గరున్న టవర్‌నే పట్టుకోదు. రద్దీని బట్టి, మధ్యలో ఉన్న అడ్డాలను బట్టి మారుతుంది. ఒక్కో టవర్ పరిధి కిలోమీటర్ల కొద్దీ ఉండొచ్చు. ఫోను ఎవరి జేబులో ఉందో ఆ రికార్డుకి తెలియదు. పైగా అంకెలే తప్పు కావచ్చు. 2019లో డెన్మార్కులో, ఫోను కంపెనీల సమాచారాన్ని మార్చి చూపించే పోలీసు సాఫ్ట్‌వేర్‌లో లోపాలు బయటపడ్డాయి. ఆ దేశం ఫోను సాక్ష్యాన్ని కోర్టుల్లో వాడటం రెండు నెలలు ఆపేసి, పదివేలకు పైగా పాత కేసుల్ని తిరగేసే పనిలో పడింది. విచారణలో ఉన్న ముప్పై మందికి పైగా ఖైదీలు విడుదలయ్యారు. సిగ్గుపడి దాచిపెట్టకుండా దేశం మొత్తానికి చెప్పి ఆపారు చూడండి, అది నాకు నచ్చింది.

ఇంతవరకు పరికరం ఎంత చెప్పిందన్న సంగతి. ‘కాదు’ అన్న మాట స్పష్టంగా వచ్చినా వినకపోతే ఏమవుతుందో 2004లో తెలిసింది. ఆ మార్చి 11న మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. డిటొనేటర్లున్న సంచి మీద దొరికిన ముద్రని అమెరికాలో ఎఫ్‌బీఐ కంప్యూటర్‌లో వెతికితే దగ్గరగా ఉన్న ఇరవై పేర్లు వచ్చాయి. వాటిలోంచి ఆరెగాన్ రాష్ట్రంలో లాయరుగా ఉన్న బ్రాండన్ మేఫీల్డ్‌ది అని నిపుణులు తేల్చారు. ఒకరు చూశారు, ఇంకొకరు సరే అన్నారు, మరొకరు సరే అన్నారు. ఏప్రిల్‌లో స్పెయిన్ పోలీసులు ఇది ఆయనది కాదని రాశారు. ఎఫ్‌బీఐ మళ్ళీ పరీక్షించడం మానేసి, తాము ఎందుకు సరైనవాళ్ళమో వివరించడానికి మాడ్రిడ్‌కి మనిషిని పంపింది. మే 6న మేఫీల్డ్‌ని అదుపులోకి తీసుకున్నారు. ఆయన తరఫున కోర్టు నియమించిన నిపుణుడు కూడా అది ఆయన ముద్రేనన్నాడు. ఆ సమయానికే స్పెయిన్ పోలీసులు అసలు మనిషిని గుర్తించారు, అల్జీరియా దేశస్థుడు. మేఫీల్డ్ విడుదలయ్యాడు, అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి 20 లక్షల డాలర్లు చెల్లించింది.

ఇంతమంది నిపుణులు ఒకే తప్పు ఎలా చేశారు? మొదటివాడి జవాబు తెలిశాక రెండోవాడు చూసింది ముద్రని కాదు, ఆ జవాబుని. దీన్ని నిరూపించిన ప్రయోగం 2006లో వచ్చింది. ఇతియెల్ డ్రోర్ అనే పరిశోధకుడి బృందం ఐదుగురు అనుభవజ్ఞులకి ఒక్కొక్క ముద్రల జత ఇచ్చి, ఇవి మేఫీల్డ్ కేసులో ఎఫ్‌బీఐ పొరబడ్డ ముద్రలు, కలుస్తాయో లేదో చెప్పమంది. నిజానికి అవి కొన్నేళ్ళ కిందట వాళ్ళే తమ కేసుల్లో ‘కలిశాయి’ అని తేల్చిన ముద్రలు. ఐదుగురిలో నలుగురు మాట మార్చారు. ముగ్గురు కలవలేదన్నారు, ఒకరు చెప్పలేమన్నారు. కళ్ళు అవే, ముద్రలు అవే. చెవిన పడ్డ కథ ఒక్కటే మారింది. వేలిముద్రల శాస్త్రం పనికిరాదని దీని అర్థం కాదు. పరీక్షించే మనిషికి పోలీసులు ఏ జవాబు కోరుకుంటున్నారో తెలియనివ్వకూడదని అర్థం.

తల వెంట్రుకల పోలిక సంగతి దీనికంటే ఘోరం. మైక్రోస్కోపు కింద ముద్దాయి వెంట్రుకనీ ఘటనాస్థలంలోదాన్నీ పక్కపక్కన పెట్టి ‘సరిపోయింది’ అని చెబుతూ వచ్చారు. 2015లో ఎఫ్‌బీఐయే వెనక్కి తిరిగి చూసుకుంది. వెంట్రుకల సాక్ష్యం ముద్దాయికి వ్యతిరేకంగా వాడిన 268 విచారణల్ని పరిశీలిస్తే 257 చోట్ల తమ నిపుణులు శాస్త్రం చెప్పనిది చెప్పారని తేలింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే కేసు మంటలది. టెక్సస్ రాష్ట్రంలో కార్సికానా అనే ఊళ్ళో 1991 డిసెంబరు 23న ఇల్లు తగలబడి ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. తండ్రి కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్ బయటపడ్డాడు. అగ్నిప్రమాదాల దర్యాప్తుదారులు వచ్చి ఇంటిని చదివారు. నేల మీద మడుగులు కట్టినట్టు కాలిన గుర్తులున్నాయి, అంటే పెట్రోలులాంటిదేదో పోశారన్నారు. కిటికీ అద్దాలు సాలెగూడులా చిట్లాయి, అంటే మామూలు మంట కాదు, ఇంధనం పోసిన మంట అన్నారు. తండ్రే తగలబెట్టాడని తేల్చారు. జైల్లో తనతో ఒప్పుకున్నాడని ఒక ఖైదీ సాక్ష్యం చెప్పాడు. 1992లో మరణశిక్ష పడింది.

ఆ గుర్తుల్ని ఎక్కడ నేర్చుకున్నారు? పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి చెబుతూ వచ్చారు. నేర్పినవాళ్ళలో ఒక్కరూ బ్లాంక్ పెట్టలేదు, అంటే చుక్క ఇంధనం పొయ్యకుండా ఒక గదిని తగలబెట్టి అవే గుర్తులు వస్తాయేమో చూడలేదు. చూసినప్పుడు ఏమైందో చెబుతాను. ఫ్లోరిడాలో జాక్సన్‌విల్‌లో 1990లో ఒక ఇల్లు తగలబడి ఆరుగురు చనిపోయారు. అక్కడా తండ్రి మీదే అనుమానం. సోఫా అంటుకుని మంట పాకిందని అతను చెప్పాడు. అతని కథ అబద్ధమని తేల్చడానికి, ప్రాసిక్యూషన్ తరఫు నిపుణులు పక్కనే అచ్చం అలాంటి ఇంట్లో అలాంటి సామానే పెట్టి, ఒక్క చుక్క పెట్రోలు వాడకుండా సోఫాకి నిప్పు పెట్టారు. ఐదు నిమిషాలు గడవకుండానే గది మొత్తం అంటుకుంది. పైకప్పు కింద పోగైన పొగ వేడెక్కి వేడెక్కి, ఒక స్థాయి దాటగానే గదిలో ఉన్నదంతా ఒక్కసారి భగ్గుమనడాన్ని ఫ్లాషోవర్ అంటారు. అది జరిగాక నేల మీద ఎలాంటి గుర్తులు పడ్డాయో చూస్తే, పెట్రోలు పోస్తే పడతాయని అంతకాలం నమ్మినవే. ఆ తండ్రి మీద కేసు ఎత్తేశారు. అద్దాలు అలా చిట్లడానికి కారణం కూడా తర్వాత తెలిసింది. వేడెక్కిన గాజు మీద ఫైరింజను నీళ్ళు పడితే చిట్లుతుంది.

జాక్సన్‌విల్‌ పరీక్ష 1991లో జరిగింది. విల్లింగ్‌హామ్ విచారణ దాని తర్వాతే. ఆ ఫలితం టెక్సస్ కోర్టు హాలు దాకా రాలేదు. శిక్ష అమలుకి కొద్దిరోజుల ముందు జెరాల్డ్ హర్స్ట్ అనే శాస్త్రవేత్త, ఇది తగలబెట్టిన ఇల్లు అనడానికి ఒక్క ఆధారం కూడా లేదని గవర్నరు కార్యాలయానికి, క్షమాభిక్ష బోర్డుకి నివేదిక పంపాడు. 2004 ఫిబ్రవరి 17న శిక్ష అమలు చేశారు.

ఇంత రాసినా, డీఎన్ఏ వచ్చాక ఇవన్నీ పాత కథలు కదా అనేవాళ్ళుంటారు. డీఎన్ఏ గట్టిదే. చాలామంది నిర్దోషుల్ని బయటికి తెచ్చింది కూడా. కానీ అది ఎవరిదో చెబుతుంది గానీ అక్కడికి ఎలా వచ్చిందో చెప్పదు. 2007లో జర్మనీలో హైల్‌బ్రోన్‌లో ఒక మహిళా కానిస్టేబుల్ హత్య జరిగింది. కారు మీద దొరికిన డీఎన్ఏ ఒక గుర్తుతెలియని స్త్రీది. అదే డీఎన్ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సుల్లో నలభై చోట్ల దొరికింది, హత్యల దగ్గర, చిల్లర దొంగతనాల దగ్గర. ఎక్కడా ఆమెను చూసినవాళ్ళు లేరు. మూడు లక్షల యూరోల బహుమతి ప్రకటించారు. 2009లో ఒక మగవాడి కాగితాల మీద కూడా ఆ స్త్రీ డీఎన్ఏ రావడంతో అనుమానం పుట్టింది. తీరా చూస్తే, నమూనాలు తీసే దూది పుల్లల్ని ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామెది అది. ఆ పుల్లలు స్టెరిలైజ్ చేసినవే. స్టెరిలైజ్ చేస్తే క్రిములు చస్తాయి, డీఎన్ఏ పోదు. ఈ రెంటికీ తేడా ల్యాబులో పనిచేసేవాళ్ళకి తెలియని సంగతేమీ కాదు. ఆ కానిస్టేబుల్‌ని చంపింది నయా నాజీ ముఠా అని 2011లో గానీ బయటపడలేదు.

2012లో కాలిఫోర్నియాలో ఒక హతుడి గోళ్ళ కింద దొరికిన డీఎన్ఏ ఒక ఇల్లూవాకిలీ లేని మనిషిది అని తేలింది. అతను నెలలపాటు జైల్లో ఉన్నాడు. హత్య జరిగిన రాత్రి అతను ఒళ్ళు తెలియనంతగా తాగి ఆస్పత్రిలో పడున్నాడని అతని తరఫు లాయరు రికార్డులు వెతికి పట్టుకుంది. అతన్ని ఆస్పత్రిలో చేర్చిన అంబులెన్సు సిబ్బందే కొన్ని గంటల తర్వాత హతుడి దగ్గరికి వెళ్ళారు. వాళ్ళతో పాటు అతని డీఎన్ఏ కూడా వెళ్ళింది. ఆ లాయరు ఆస్పత్రి కాగితాలు అడక్కపోయి ఉంటే ఈ కేసు ఎలా ముగిసేదో ఊహించుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.

మనసు చదివే యంత్రాల దగ్గర నా వాదన ఇంకా సూటిగా తగులుతుంది. 1923లో అమెరికాలో ఫ్రై అనే ముద్దాయి తన హత్య కేసులో, రక్తపోటుని బట్టి అబద్ధాన్ని పట్టే పరీక్ష తనకి అనుకూలంగా వచ్చిందని సాక్ష్యం పెడతానంటే కోర్టు ఒప్పుకోలేదు, ఆ రంగంలోనివాళ్ళు సాధారణంగా అంగీకరించిన పద్ధతి అయితేనే రమ్మంది. 2008లో పుణె సెషన్స్ కోర్టు ఒక హత్య కేసులో మెదడు తరంగాల పరీక్షని నమ్మి శిక్ష వేస్తే ప్రపంచమంతా వింతగా చూసింది. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, ఇష్టం లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, మెదడు పరీక్షలు చెయ్యడం తన మీద తనే సాక్ష్యం చెప్పమని ముద్దాయిని బలవంతపెట్టకూడదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణకి విరుద్ధమంది. మంచి తీర్పు. హక్కుల మాట అటుంచినా ఈ పరీక్షలకి ఇంకో జబ్బు ఉంది. ముద్దాయి పరీక్షలో ఓడితే దొరికాడంటారు, నెగ్గితే ఆరితేరినవాడంటారు. ఏ ఫలితం వచ్చినా అనుమానం చెక్కుచెదరదు. అలాంటి పరీక్ష చేసినా చెయ్యకపోయినా ఒకటే.

ఇంత పట్టుబడితే హంతకులు తప్పించుకుంటారని, చనిపోయినవాళ్ళ కుటుంబాలకి అన్యాయం జరుగుతుందని కోపగించుకునేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ అమెరికాలో రే క్రోన్ అనే అతనికి ఏం జరిగిందో చూడండి. హతురాలి ఒంటి మీది పంటిగాట్లు అతని పళ్ళతో సరిపోయాయన్న సాక్ష్యం మీద 1992లో శిక్షపడింది. పదేళ్ళ తర్వాత డీఎన్ఏ పరీక్షిస్తే అది ఇంకొకడిది. తప్పు మనిషిని లోపల వేస్తే అసలు మనిషి కోసం వెతకడం ఆ రోజే ఆగిపోతుంది. లెస్టర్ కుర్రవాడికి శిక్షపడి ఉంటే పిచ్‌ఫోర్క్ అదే ఊళ్ళలో తిరుగుతూ ఉండేవాడు. ‘కాదు’ అన్న మాట వినడం అందరికంటే ముందు హతుల కుటుంబాలకే అవసరం.

మనం ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సాక్ష్యం చెప్పే కాలంలోకి వచ్చాం. నలుగురి డీఎన్ఏ కలిసిపోయిన మరకలో ముద్దాయిది ఉండే అవకాశం ఇంత అని ప్రోగ్రాము లెక్కగట్టి చెబుతుంది. 2015లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లో అలాంటి ప్రోగ్రాములో కోడ్ తప్పు బయటపడి 60 కేసుల్లో అంకెలు సరిచెయ్యాల్సి వచ్చింది. 2021లో న్యూజెర్సీ అప్పీలు కోర్టు ఒక హత్య కేసులో, అలాంటి ఇంకో ప్రోగ్రాము కోడ్‌ని ముద్దాయి తరఫు నిపుణులు చూడటానికి ఇవ్వాలని ఆదేశించింది. వ్యాపార రహస్యం అన్న కంపెనీ వాదన నిలవలేదు. నిలవకూడదు కూడా. ఒక మనిషిని జీవితాంతం జైల్లో పెట్టే లెక్కని ఎదుటివాళ్ళు చేసి చూసుకునే వీలుండాలి.

మంచి ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయమంటుంది. ఫైలు మొత్తాన్ని ఒక గణిత సూత్రంలోంచి పంపితే ఒక పొడుగాటి అక్షరాల, అంకెల వరుస వస్తుంది. గంట నిడివి సీసీటీవీ వీడియోలో ఒక్క చుక్క మార్చి మళ్ళీ పంపండి, వరుస మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ‘మీరు సీజ్ చేసిన ఫైలు ఇది కాదు’ అని ఎవరి ముఖం చూడకుండా చెప్పగలిగే పరికరం అది. ముద్దాయి తరఫు మనిషి కూడా రెండు నిమిషాల్లో తనే సరిచూసుకోవచ్చు. సీజ్ చేసిన వెంటనే హ్యాష్ తీస్తేనే దీనికి విలువ. వారం తర్వాత తీస్తే ఆ వారంలో ఏం జరిగిందో అది చెప్పలేదు. పంచనామాలోనే ఆ వరుస ఎక్కించాలని నేను అడుగుతాను.

ఇదే చట్టాల మార్పులో భాగంగా ఏడేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి తప్పనిసరిగా వెళ్ళాలన్న నిబంధన కూడా వచ్చింది. క్లూస్ టీము వెళ్ళడం మంచిదే. వాళ్ళు తెచ్చిన నమూనాల్ని పరీక్షించేవాళ్ళకి మాత్రం కేసు కథ చెప్పకూడదు, ఫలానా ముద్రని ఫలానా ముద్రతో పోల్చమనాలి, అంతే. నివేదికలో ‘కలిసింది’ అన్న మాట పక్కనే ఈ పరీక్ష ఏం చెప్పలేదో కూడా రాయాలి. బ్లాంకులతో సహా ల్యాబు నోట్సు మొత్తం, కలవని ఫలితాలతో సహా, అడక్కుండానే ముద్దాయి లాయరుకి అందాలి. పేద ముద్దాయి సొంత నిపుణుణ్ణి పెట్టుకోవడానికి ప్రభుత్వమే డబ్బివ్వాలి. లఫార్జ్ కేసులో రస్పాయ్ ఆలస్యానికి దారి దూరం కారణమైంది, ఇప్పుడు డబ్బు కారణమవుతోంది.

శిక్షపడ్డాక శాస్త్రం మారితే కేసు తిరగదోడే దారి కూడా చట్టంలో ఉండాలి. విల్లింగ్‌హామ్‌కి శిక్ష అమలైన తొమ్మిదేళ్ళకి, 2013లో, టెక్సస్ అలాంటి చట్టం చేసింది. విచారణనాటి శాస్త్రాన్ని తర్వాతి శాస్త్రం కొట్టేస్తే, ఖైదీ ఆ కారణంతోనే మళ్ళీ కోర్టుకి రావచ్చు. అదే రాష్ట్రంలో రాబర్ట్ రాబర్సన్ అనే తండ్రి ఉన్నాడు. రెండేళ్ళ కూతుర్ని గట్టిగా కుదిపి చంపాడన్న వైద్య నిర్ధారణ మీద 2003లో అతనికి మరణశిక్ష పడింది. ఆ నిర్ధారణ వెనకున్న వైద్యం మీద ఇప్పుడు తీవ్రమైన సందేహాలున్నాయి. 2024 అక్టోబరులో శిక్ష అమలు చెయ్యాల్సిన రోజునే, రాష్ట్ర శాసనసభ్యులు అతన్ని తమ ముందు సాక్షిగా రమ్మని నోటీసు ఇవ్వడంతో అది ఆగింది. మళ్ళీ తేదీ వేశారు, 2025 అక్టోబరులో అప్పీలు కోర్టు ఆపి కేసుని కింది కోర్టుకి తిప్పి పంపింది. చట్టం వచ్చి పన్నెండేళ్ళయినా ఒక మనిషి దాన్ని పట్టుకుని తేదీ తర్వాత తేదీ దాటాల్సి వస్తోంది. మన దగ్గర పట్టుకోవడానికి అలాంటి సెక్షను ఒకటి రాసి పెట్టాలి, అది కూడా ఎవరి మరణశిక్షో అమలయ్యాక కాకుండా ఇప్పుడే.